రూబీ రాసిన వార్త

పిల్లలకు వార్తలు రాయడం నేర్పుతానని ప్రద్యుమ్న మాస్టారు అడిగినప్పుడు హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముందు ఒత్తులు నేర్పండి మాస్టారూ, వార్తలు వాటంతటవే వస్తాయి, అన్నారు. అయినా కాదనలేదు. కంప్యూటర్ గదికి ఆ ఏడాది ఒక్కసారి కూడా తాళం తియ్యలేదని పై అధికారి రాసిపోయిన రిమార్కు ఆయన నెత్తిమీద ఉంది. బ్లాగో పాడో, ఏదో ఒకటి ఆ గదిలో జరిగితే చాలునని తాళంచెవి ఇచ్చేశారు.

ప్రద్యుమ్నకు అంతే కావాలి. శ్రీముఖలింగంలో తరతరాలుగా గుడిని నమ్ముకున్న ఇంటి కుర్రాడు. గజపతినగరంలో తల్లి శ్యామలాంబతో అద్దెకుంటూ, రోజూ బండిమీద ఈ ఊరి హైస్కూలుకి వచ్చి తెలుగు చెప్పి వెళ్ళిపోతాడు. పిల్లలు గైడులోంచి బట్టీపట్టి దించిన వ్యాసాలు దిద్దీ దిద్దీ విసిగిపోయాడు. తొమ్మిదో తరగతి పిల్లలు తాము చూసింది తమ మాటల్లో రాయాలి, అది బ్లాగులో పడాలి, ఎక్కడో హైదరాబాదులో ఎవరో చదవాలి. అదీ అతని ఆరాటం. ఆరాటం మంచిదే. దానికి రెండు కళ్ళు కూడా ఉంటే ఇంకా మంచిది.

మండలంలో పెద్ద పత్రికకు వార్తలు పంపే విలేకరి ఎల్లాజీని పిలిపించాడు. ఎల్లాజీ సరదా మనిషి. సాయంత్రం జరగబోయే సభ గురించి మధ్యాహ్నమే రాసి పంపేస్తామని, 'వక్తలు పిలుపునిచ్చారు' అన్న ముక్క ముందే వేసేసుకుంటామని, తీరా సభ జరక్కపోతే డెస్కువాళ్ళ చేత తిట్లు తింటామని మొదటిరోజే గుట్టంతా విప్పేశాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత బోర్డుమీద ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా అని పెద్ద అక్షరాలతో రాసి, ఈ ఆరూ లేకపోతే అది వార్త కాదు, ఉత్త కబురు అన్నాడు.

పిల్లలు రాసుకొచ్చారు. సర్పంచిగారి గేదె ఈనింది, తల్లీ దూడా క్షేమం అని ఒకడు రాశాడు. బోరింగు పాడైపోయిన సంగతి అరడజను మంది ఒకే వాక్యంతో రాశారు. వాటి మధ్య ఒక కాగితం చూసి ప్రద్యుమ్న కుర్చీలో కూర్చుండిపోయాడు. కింద రూబీ అని ఉంది. ఎవరీ రూబీ అని అడిగితే రిజిస్టరులో పద్మకుమారి అని ఉన్న పిల్ల లేచి నిలబడింది. కలంపేరు కాబోలనుకుని ముచ్చటపడ్డాడు. ఊరి చివర వాడలో చాలామందికి బడిలో ఒక పేరు, చర్చిలో ఒక పేరు ఉంటాయని ఆ ఊళ్ళో పాలుపోసే మనిషికి కూడా తెలుసు. బండిమీద వచ్చిపోయే మాస్టారికి తెలియలేదు.

ఆ పిల్ల ఇలా రాసింది:

'ఈస్టరు నాటికి చంపావతిలో నీళ్ళుండవు. అందుకని ముందురోజు సాయంత్రం మగవాళ్ళు ఇసకలో పెద్ద గొయ్యి తవ్వి వదిలేశారు. తెల్లారేసరికి గోతిలో నడుం లోతు నీరు ఊరింది. మా పెద్దమ్మ తెల్లచీర కట్టుకుని దిగింది. పాస్టరుగారు వీపు కింద చెయ్యిపెట్టి వెనక్కి వంచారు. పెద్దమ్మ ముక్కు మూసుకోవడం మరిచిపోయింది. లేచి దగ్గింది. దగ్గుతూ నవ్వింది. పెద్దమ్మ అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.'

చదివి, మళ్ళీ చదివి, గొంతు సవరించుకుని తరగతికంతా వినిపించాడు. అంతా బాగుంది కాని 'ఎవరు' లేదన్నాడు. మా పెద్దమ్మ అంటే హైదరాబాదువాడికేం తెలుస్తుంది? పిల్ల ఎలీసమ్మ అని చేర్చింది. ఏం చేస్తుందని అడిగాడు. ఇన్నాళ్ళూ అంగన్‌వాడీలో ఆయా, ఈమధ్యే టీచరు పోస్టు వచ్చిందని చెప్పింది. అంగన్‌వాడీ టీచరు గురమ్మగారు కదా, ఎలీసమ్మ ఎవరని అడిగాడు. ఇద్దరూ ఒకరేనంది. అయితే అదీ రాయమన్నాడు.

పెన్ను కాగితం మీద పెట్టి పిల్ల ఆగింది.

"రికార్డు పేరు కూడా రాయాలా సార్?"

చూసింది చూసినట్టు రాయడానికి భయమెందుకన్నాడు ప్రద్యుమ్న. ఆమె ఇంకోసారి అతని మొహంలోకి చూసి, తల వంచుకుని రాసింది. తేదీ, ఊరు, ఉద్యోగం అన్నీ దగ్గరుండి చేర్పించి, ఆ సాయంత్రం తనే టైపు చేసి బ్లాగులో పెట్టాడు. ఎల్లాజీ దాన్ని తెరమీద చదివి, వార్తంటే ఇదీ అని ఒక ప్రింటు తీయించుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పిల్లల పేజీలో వేయిస్తాడు గావునని ప్రద్యుమ్న సంబరపడ్డాడు.

*

వార్త పడింది, కాని పిల్లల పేజీలో కాదు. పొద్దున్నే పాలపాకెట్టుతో పాటు పత్రిక తెచ్చుకుని జిల్లా పేజీ తిప్పితే నడిబొడ్డున కనిపించింది. 'ఎస్సీ పోస్టులో క్రైస్తవురాలు.' దాని కింద చిన్న అక్షరాల్లో 'విద్యార్థిని బ్లాగుతో గుట్టురట్టు'. ఆ కింద గొయ్యి, తెల్లచీర, దగ్గు, తేదీ, ఊరు, రెండు పేర్లు, అన్నీ తను టైపు చేసినవి చేసినట్టే ఉన్నాయి. ఒక్క నవ్వు మాత్రం తీసేశారు.

ప్రద్యుమ్న చేతిలోంచి పాలపాకెట్టు జారి గడపమీద పగిలింది. తల్లి ఏమైందిరా అంటే చెప్పలేకపోయాడు. నిజానికి ఏమైందో అతనికి ఇంకా పూర్తిగా తెలియదు. ఏదో ఘోరం జరిగిందని, దాన్ని తన వేళ్ళే టైపు చేశాయని మాత్రం తెలిసింది. చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ బండి తీశాడు.

ఎల్లాజీ బస్టాండు దగ్గర టీకొట్లో దొరికాడు. ఇంతపని చేస్తావా అని ప్రద్యుమ్న నిలదీస్తే అతను గ్లాసు కింద పెట్టి నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"తవరు కావాలనే పెట్టారనుకున్నాను మాస్టారూ. చర్చి పేరు, రికార్డు పేరు, ఊరు, తేదీ, ఉజ్జోగం... ఇంత కుదురుగా ఎవులు రాస్తారు? గిట్టనోళ్ళు తప్ప."

 ఎల్లాజీ ప్రద్యుమ్నను కూర్చోబెట్టి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. ఎస్సీ మనిషి హిందువుగా ఉన్నంతకాలమే ఎస్సీ. బాప్తిస్మం తీసుకుందని తేలిందంటే కాగితాల్లో బీసీ-సీ అయిపోతుంది. మనిషి అదే, వాడ అదే, ఊళ్ళోవాళ్ళు ఎడంగా పోసే నీళ్ళూ అవే. ఒక్క రిజర్వేషనే పోతుంది. గురమ్మకు వచ్చిన పోస్టు ఎస్సీ స్త్రీకి కేటాయించినది. అది తమకు రాలేదని కుతకుతలాడుతున్న వాళ్ళున్నారు. బ్లాగు ప్రింటు జతచేసి సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సులో అర్జీ పెట్టేశారు. పోస్టు ఎలాగూ పోతుంది, దొంగ సర్టిఫికెట్టని కేసు కూడా పెట్టొచ్చు. వాళ్ళు అర్జీ పెట్టాక వార్త రాయకపోతే అవతలి పత్రికవాడు రాసేస్తాడు, అప్పుడు నా కంట్రిబ్యూటరు పని పోతుంది, అన్నాడు ఎల్లాజీ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది, ప్రద్యుమ్న చెప్పిన పాఠం.

బళ్ళోకి వెళ్ళి ముందు బ్లాగులో ఆ పేజీ తుడిచేశాడు. ప్రింట్లు జనం చేతుల్లో ఉన్నాక దాన్ని తుడిచి ఏం లాభమో ఆలోచించే స్థితిలో లేడు. అక్కడినుంచి అంగన్‌వాడీకి నడిచాడు. గురమ్మ పిల్లల్ని వరసగా గోడకానించి కూర్చోబెట్టి ఉడికిన గుడ్లు ఒలుస్తోంది. ఒలిచిన గుడ్డును నీళ్ళలో ఒకసారి ముంచి, పెంకు అంటుకుందేమో వేలితో తడిమి చూసి గిన్నెలో వేస్తోంది. అతన్ని చూసి లేవబోతే వద్దని వారించి, తనూ గుమ్మంలో చతికిలబడ్డాడు. క్షమించమని అడుగుదామని వచ్చాడు గాని ఆ మాట నోట్లోంచి ఊడిపడలేదు. అతను అలా కూర్చుని ఉండగానే ఆమె ఇంకో గుడ్డు ఒలిచింది.

"పిల్లకి తెల్దు బాబూ," అంది చివరికి. "తవరికి కూడా తెల్దా?"

కోపంతో అడగలేదు. అందుకే ప్రద్యుమ్నకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. రూబీ ఆమె చెల్లెలి కూతురు. తల్లి పోయాక తెచ్చి పెంచుకుంటోంది. మొగుడు విజయవాడలో తాపీపని. ఆయా జీతం మీద ఇల్లు నడవక పిల్లను ఈ ఏడు బడి మానిపించి రొయ్యల కంపెనీకి పంపుదామనుకుంటూండగా ఈ పోస్టు వచ్చింది. ఆమె ఇదంతా ఒకరిమీద నెపం లేకుండా చెప్పింది. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు రేపు విచారణకు వస్తున్నాడని కూడా చెప్పింది.

చర్చి పాస్టరు అబ్రహాంగారు అప్పటికే అక్కడికి వచ్చారు. ముగ్గురూ కలిసి ఆలోచించారు. ఆలోచన చెప్పింది మాత్రం ప్రద్యుమ్నే. ఇది వార్త కాదు, కల్పన, ఊహించి రాయమని తనే పిల్లలకు చెప్పాడు, ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తాడు. చూసింది చూసినట్టు రాయమని మూడురోజులు గొంతు చించుకున్న మనిషి ఇదంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశాడు. రూబీ గోడవారన నిలబడి విన్నది. అలాగే చెప్తానని తలూపింది.

అబ్రహాంగారు బయటికి వచ్చాక కొంచెం నసిగారు. రేపటికి కాస్త కుంకుమ కావాలన్నారు. వాడలో ఎవరింట్లోనూ ఉండదు. కొట్లో కొంటే ఆ కొన్న సంగతే రేపు పేపర్లో పడుతుంది.

*

కుంకుమ ఎవరికిరా అని శ్యామలాంబ అడిగింది. తల్లి దగ్గర దాచడం ప్రద్యుమ్నకు చేతకాదు, అంతా చెప్పాడు. ఆవిడ విని దేవుడి గూడు దగ్గరికి వెళ్ళి కొత్త పొట్లం తీసి, మళ్ళీ అక్కడే పెట్టేసింది. తను రోజూ వాడే ఇత్తడి భరిణె తెచ్చి అతని చేతిలో పెట్టింది. కొత్తదైతే కొత్తదని తెలిసిపోతుంది, అంది. మడి కట్టుకోనిదే వంటింట్లో అడుగుపెట్టని మనిషి ఆవిడ. ప్రద్యుమ్న తల్లివైపు తిరిగి చూసే ధైర్యం చేయలేదు.

మర్నాడు పొద్దున్న వాడలో ఎవరూ పనికి పోలేదు. గురమ్మ ఇంట్లో గోడమీది బైబిలు వాక్యాల క్యాలెండరు తీసేసి, రైసుమిల్లువాళ్ళిచ్చిన వెంకటేశ్వరస్వామి క్యాలెండరు తగిలించారు. పాతదాని కంటే అది చిన్నది. చుట్టూ సున్నం తెల్లగా చట్రంలా కనిపిస్తోంటే పక్కింటి తాతమ్మ పొయ్యిమీది మసి వేలితో తీసి ఆ అంచులకు రాసింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. ఇలాంటి పని ఈ వాడకు కొత్త కాదని ప్రద్యుమ్నకు అప్పుడు అర్థమైంది. గురమ్మ చిన్న అద్దం ముందు కూర్చుని భరిణె మూత తీసింది. వేలికి ఎక్కువ కుంకుమ అంటింది. పెట్టుకున్న బొట్టు పక్కకు పోయింది. చెరిపి మళ్ళీ పెట్టుకుంటే నుదురంతా ఎర్రబడింది. రూబీ వచ్చి తడిగుడ్డతో తుడిచి తనే పెట్టింది.

ఇన్‌స్పెక్టరు నడివయసు మనిషి. ఎండన పడి వచ్చాడు. చెడ్డవాడిలా లేడు. మంచం మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, గోడలు ఓసారి కలయజూసి ఫైలు విప్పాడు. పేరు అడిగితే గురమ్మ అంది. చర్చికి వెళ్తావా అంటే నేదు బాబూ అంది. బాప్తిస్మం తీసుకున్నావా అన్నాడు.  గుమ్మం అవతల నిలబడ్డ అబ్రహాంగారు నేలచూపులు చూశారు.

"నేదు," అంది ఎలీసమ్మ.

ఆయన అదీ రాసుకుని, బ్లాగు ప్రింటు తీసి పిల్లను పిలిచాడు. ఇది నువ్వు రాశావా? రాశానంది. చూసి రాశావా? లేదు, ఊరికే అనుకుని రాశానంది. ప్రద్యుమ్న వెంటనే అందుకుని, అది తరగతిలో కల్పన రాయమన్నప్పుడు రాసిందని, తప్పు తనదని చెప్పి సంతకం పెట్టిన కాగితం ఇచ్చాడు. ఇన్‌స్పెక్టరు దాన్ని చదవనైనా చదవకుండా ఫైలు మీద పెట్టాడు.

"మాదీ ఏటి ఒడ్డు ఊరే మాస్టారూ," అన్నాడు. "గొయ్యి తవ్వి రాత్రంతా నీరు ఊరనివ్వడం, ముక్కు మూసుకోడం మరిచిపోవడం... ఇది అనుకుని రాసేది కాదు. ఎవరో ఒకరు ఆ గోతిలో దిగారు. ఈ పిల్ల ఒడ్డున నిలబడి చూసింది. దిగినది ఎవరో చెప్పండి, రాసుకుని పోతాను. కల్పనని రాస్తే పైవాళ్ళు నా మొహాన కొడతారు."

  పిల్ల ఎంత బాగా రాసిందని ప్రద్యుమ్న పొంగిపోయాడో, అంత బాగా రాయడమే ఇప్పుడు ఆ ఇంటి మెడకు చుట్టుకుంది. వాడలోని వేరే ఎవరి పేరు చెప్పినా వాళ్ళ కాగితాలు పోతాయి. అబ్రహాంగారు దండం పెట్టడానికన్నట్టు చేతులెత్తి, ఎవరికి పెట్టాలో తెలియక దించేశారు.

"నానే సార్," అంది రూబీ.

ఇన్‌స్పెక్టరు తలెత్తాడు.

"గోతిలో దిగినది నాను. నా గురించి రాస్తే ఎవులు సదుతారని పెద్దమ్మ పేరెట్టి రాసినాను. ముక్కు మూసుకోలేదు. నీళ్ళెల్లిపోయి దగ్గొచ్చినాది. పెద్దమ్మకి తెల్దు. నానే పాస్టరుగోరిని అడిగినాను."

ఒక్క మాట తడబడలేదు.  పద్నాలుగేళ్ళ పిల్ల కళ్ళెదుట నిలబడి, తన దగ్గరున్న ఒకే ఒక్క ఆధారాన్ని తీసి పెద్దమ్మకు ఇచ్చేస్తోంది. ఆపాలని ప్రద్యుమ్న నోరు తెరిచాడు. ఆపితే ఏం చెప్పాలి? నిజమా? ఆ నిజంతో గురమ్మ పోస్టు పోతుంది, ఆమెమీద కేసు పడుతుంది. తెరిచిన నోరు మూసుకున్నాడు. అతనికి తనమీద తనకు అసహ్యం వేసింది.

ఇన్‌స్పెక్టరు పిల్లతో మెల్లిగా మాట్లాడాడు. ఇలా రాసుకుంటే నీ సర్టిఫికెట్టు మారిపోతుందమ్మా, హాస్టలు, స్కాలర్‌షిప్పు, రేపు కాలేజీ సీటు, అన్నిటికీ తేడా వస్తుంది, తెలుసా అని అడిగాడు. తెలుసంది. నిజమేనా పాస్టరుగారూ అని గుమ్మంవైపు తిరిగాడు. అబ్రహాంగారు పిల్లను చూసి తల తిప్పుకున్నారు.

"పిల్ల సెప్పినాది రాసుకోండి బాబూ."

ఎలీసమ్మ లేవబోయింది. రూబీ ఆమె ముందుకు వచ్చి అడ్డంగా నిలబడింది. ఆమె పిల్ల పావడా అంచు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఇన్‌స్పెక్టరు రాయడం ముగించి, పిల్ల వాంగ్మూలం కింద సాక్షి సంతకానికి కాగితం ప్రద్యుమ్న వైపు జరిపాడు. బళ్ళో మాస్టారి సంతకమైతే తిరుగుండదన్నాడు. ప్రద్యుమ్న పెట్టాడు. అందమైన చేవ్రాలు అతనిది. ఆవేళ అది అతనిదేనని చెప్పుకోలేనంత వంకరగా వచ్చింది.

జీపు మలుపు తిరిగిందో లేదో ఎలీసమ్మ లేచి పిల్ల చెంప పగలగొట్టింది. ఒక దెబ్బతో ఆగలేదు. వీపుమీద, భుజాలమీద, చెయ్యి ఎక్కడ పడితే అక్కడ కొట్టింది. నీ సదువేటైపోతాదే, నీ బతుకేటైపోతాదే అంటూ కొట్టి కొట్టి, చేతులు సత్తువ లేక వాలిపోతే పిల్లను కావలించుకుని గోడకు జారగిలబడి ఏడ్చింది. నుదుటి కుంకుమ పిల్ల చొక్కాకంతా అంటింది. తాతమ్మ కళ్ళొత్తుకుంటూ బయటికి వెళ్ళిపోయింది.

రూబీ ఏడవలేదు. నువ్వు పనిలో ఉంటే నన్ను నువ్వు సదివించుకుంటావు, ఇద్దరికీ పోతే ఇద్దరం రొయ్యల కంపెనీయే కదా అని పెద్దమ్మకు నచ్చజెప్పింది. లెక్క తప్పు చేసిన చిన్నదానికి పెద్దది చెప్పినట్టు చెప్పింది. ఆ తర్వాత పెద్దమ్మ చేతులు విడిపించుకుని, జడ సవరించుకుని గుమ్మంలోకి వచ్చింది. అబ్రహాంగారి ఎదురుగా నిలబడింది.

"ఈ ఆదివారం నన్ను ముంచీండి పాస్టరుగోరూ."

ఆయన అర్థంకానట్టు చూశారు.

"నాను సెప్పింది నిజమైపోతాది," అంది రూబీ. "లేపోతే పెద్దమ్మ దేవుడి ముందర నా అబద్ధం మోసుకుని తిరగాల."

విశ్వాసం ఉన్నవాళ్ళకే ఇస్తామమ్మా, ఇలా ఇవ్వకూడదు అని చెప్పడం ఆయన ధర్మం. ఇన్నేళ్ళుగా ఎందరికో చెప్పారు కూడా. ఆయన నోరు తెరిచి, పిల్ల చెంపమీద తేలిన వేళ్ళ వాతలు చూసి ఆగిపోయారు. లోపల ఎలీసమ్మ ఏడుపు ఆపి వింటోంది.

"నీకు నమ్మకముందా తల్లీ?" అన్నారు చివరికి.

రూబీ బాగా ఆలోచించి, ఆ రోజు మొదటిసారి ప్రద్యుమ్నవైపు తిరిగింది.

"అది కూడా నిజమే సెప్పాలా సార్?" అని అడిగింది.